దూది పెట్టిన డబ్బా

డబ్బా మోగితే పక్కింటోల్లు వింటారని
బిళ్ళల మజ్జిన దూది కుక్కినాను.
మీనున్న కాయితం నీళ్ళలో నానబెట్టి గీకేసినాను.
ఇప్పుడది ఏ మందో దానికే తెల్దు.

కాశీబుగ్గ గేటు కాడ
రాత్రి పాసింజరు కూత ఏసినప్పుడు ఒక బిళ్ళ.
ఒక్క బిళ్ళలో మూడు మందులంట,
ముగ్గురు కూలోల్లు ఒకే తట్ట మోసినట్టు.
రైలు ఆలీసమైనా నాకు ఆలీసం నేదు,
సెల్లులో గంట ఎట్టుకున్నాను.

పగలంతా జీడిపిక్కలు కొడతాను.
సొన తినేసిన నా ఏలిముద్రని
రేషను మిషను ఒప్పుకోదు.
"దమయంతి ఎవులు?" అని నన్నే అడుగుతాది.

మా ఉద్దానంలో కిడ్నీ అంటే
ఒంట్లో ఉండే ముక్క కాదు,
ఇంటికొచ్చి కూకునే సుట్టం.
కొబ్బరితోట ఎంత పచ్చగుంటే
కింద మనిసి అంత పాలిపోయి ఉంటాడు.
మా బావ దాలయ్య వారానికి రెండు మార్లు
సోంపేట ఎల్లి రగతం కడిగించుకొచ్చేవోడు,
మూడో మారు ఎల్లడానికి ఆటో డబ్బుల్నేవు.

"బిళ్ళలన్నీ మూత్రపిండాల్ని తినేస్తాయే" అంది రాజేశమ్మ పిన్ని.
నాను మింగేది ఏ బిళ్ళో తెలీకుండానే అంది.
ఆ రాత్రి రైలు కూసింది.
నాను దుప్పటి కప్పుకున్నాను.

మూడు నెలలు.
డబ్బా పెంకుల సందులోన, నోరు దగ్గులోన.
మేస్త్రి నన్ను పిక్కల కాటా మీన నిలబెట్టి
"ముప్పై ఎనిమిది. బస్తా నయం" అని నవ్వినాడు.
అందరూ నవ్వినారు. నానూ నవ్వినాను,
నవ్వితే దగ్గు కనబడదని.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
కౌన్సిలరమ్మ పుష్పాంజలి తిట్టలేదు.
"ఎందుకు ఆపావు?" అంది.
నా బతుకులో ఎందుకని అడిగినోల్లు
ఏళ్ళ మీన లెక్కెట్టొచ్చు, అదీ ఒక్క సేతివి.

డాక్టరు కాయితం మీద అంకె చూపించాడు,
ఒకటి పాయింటు తొమ్మిది.
"నీ భయం అబద్ధం కాదమ్మా.
ఈ మూడింట్లో ఒకటి కొందరి కిడ్నీకి పడదు.
నీకిది మందు వల్లో, మీ నీళ్ళ వల్లో
నేను చెప్పలేను.
చెప్పలేనప్పుడు మార్చడం నా పని.
భయమేస్తే నా దగ్గరికి రా.
నీ అంతట నువ్వు ఆపితే
లోపలున్నది మందుని మోసం చెయ్యడం నేర్చుకుంటుంది."

ఇద్దరు కూలోల్లు ఉండిపోనారు.
ఒకడు దిగిపోనాడు, కొత్తోడు ఎక్కినాడు.
కొత్తోడి మీన ఓ కన్నేసుండమన్నారు:
జొరం, ఒల్లంతా దద్దుర్లు వస్తే ఆ పూటే రమ్మని.
ఆశమ్మ ఇచ్చిన ఐరన్ బిళ్ళ పొద్దున్నే మింగమన్నారు,
రాత్రి బిళ్ళతో ఒక్క గుటకలో కలపొద్దన్నారు.
దగ్గుకి వేరే మందు, ఆరు నెలలు.
ఇన్ని గుర్తెట్టుకోడానికి
పిక్కల లెక్క రాసే బుక్కు ఎనకపేజీ సరిపోనాది.

జీడిపూత వచ్చిన నెల్లో ఇంకో కాయితం వచ్చింది.
పుష్పాంజలి సదివింది:
"వైరస్ కనబడలేదు."

కనబడలేదన్న మాట నాకు కొత్త కాదు.
అండమాను పనికెల్లిన మా ఆయన కనబడలేదు.
తిత్లీ గాలి పోయిన తెల్లారి
ఇంటి మీన రేకులు కనబడలేదు.
కనబడలేదంటే ఎతకడమే తెలుసు నాకు,
నవ్వడం ఇదే మొదలు.

"పోయినట్టు కాదు" అంది ఆ పిల్ల.
"నిద్దరోతోంది. నువ్వు మింగినన్నాళ్ళూ
లేవదు. నీ నుంచి ఇంకొకరికీ పోదు."
ఇంకొకరు. ఆ మాట బస్సంతా నా పక్కనే కూకున్నాది,
టెక్కలి దాటినా దిగలేదు.

రాత్రి రైలు కూసింది.
దూది సగం తీసేసినాను.
డబ్బా సన్నగా మోగింది,
గుంటడి మొలతాడు మువ్వలాగ.
మిగిలిన సగం అలాగే ఉంచినాను.
మా గోడ పల్చన.